పన్నెండు పిచ్చి గుర్తులు

కంప్యూటరు తెలిసిన ప్రతి ప్రవాసాంధ్రుడూ బంధువులకి ఫోన్లో వైద్యం చేసే ఆర్.ఎం.పి. డాక్టరే. "పేజీ సరిగ్గా రావటం లేదు" అనగానే మందు ఒక్కటే: మోడెమ్ ఆపి మళ్ళీ పెట్టండి. 2009లో గుంటూరులో మా పిన్నికి డాలస్ నుంచి బావ ముందు అదే వేశాడు. తర్వాత బ్రౌజరు మార్చమన్నాడు.

పెళ్ళైన కొత్తలో బాబాయి రాసిన ఇన్‌లాండు ఉత్తరాలు మడతల దగ్గర చిరిగిపోతున్నాయి, కొన్ని చెదలపాలయ్యాయి కూడా. ఆయన పోయాక పిన్ని ఏడాదిపాటు ఒంటివేలితో టైపు చేసి, పిల్లలు చదువుతారని ఒక సైటులో పెట్టుకుంది. ఆ సైటుని కంపెనీవాళ్ళు కొత్త సర్వరుకి మార్చారు. మర్నాటికి తెలుగు మాయం! "అమ్మ" అన్నచోట నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఏ', పక్కన డిగ్రీల సున్న, మళ్ళీ అదే 'ఏ'. 'మ' వచ్చిన ప్రతిసారీ సబ్బుపెట్టెల మీద ఉండే సున్నలో 'ఆర్'.

"మీ బాబాయి రాసినవన్నీ పోయినట్టేనా?" అంది పిన్ని.

పోలేదని ఆ 'ఏ'లే చెప్పాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచీ చోటుంది. యుటిఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో గుర్తుకీ మూడేసి బైట్లు. అ, మ, పొల్లు, మళ్ళీ మ: మొత్తం 12. వాటిని పడమటి యూరపు భాషల పట్టిక పెట్టి చదివితే, ప్రతి మూడింట్లో మొదటిది ఆ 'ఏ' అయి కూర్చుంటుంది. బైట్లు భద్రం. చదివేవాడికే ఎవరో తప్పు చెప్పారు.

పేజీ పంపేముందు సర్వరు బ్రౌజరుతో నాలుగు ముక్కలు చెబుతుంది. వాటిని హెడర్లంటారు, తెరమీద కనపడవు. కర్ల్ అనే చిన్న ప్రోగ్రాముతో అడిగి చూశాను. మొదటి వరుస "200 ఓకే". అదే 404 అయితే పేజీ లేదని, 500 అయితే సర్వరుకే కడుపునొప్పి అని. 200 అంటే కనెక్షను దివ్యంగా ఉన్నట్టే, మోడెమ్ పాపం ఏం చేసింది! కింద "కంటెంట్-టైప్" వరుసలో దొరికింది: ఐఎస్ఓ-8859-1. పిన్ని పేజీలో యుటిఎఫ్-8 అనే ఉంది. కానీ ఈ రెండింటికీ పేచీ వస్తే బ్రౌజరు సర్వరు మాటే వినాలని నియమం. ఇంటావిడ మాటకన్నా వాచ్‌మన్ మాట చెల్లే అపార్టుమెంటన్నమాట.

కంపెనీకి రాస్తే, "200 వస్తోంది, మావైపు లోపమేమీ లేదు" అని జవాబు. వాళ్ళ హెడరే వాళ్ళకి తిప్పి పంపాను. మూడో ఉత్తరానికిగానీ ఆ ఒక్క వరుసా మార్చలేదు. ఈలోగా బావ, మిగిలిన ఇన్‌లాండు కవర్లన్నీ మళ్ళీ టైపు చేయడానికి విజయవాడలో ఒకాయనతో బేరం కుదుర్చుకుని, అడ్వాన్సు కూడా పంపేశాడు.