కొత్త జనరేషన్ వచ్చాక కొందాం

ఏ వస్తువు కొనాలన్నా నాలుగు షాపులు తిరిగి, పదిమందిని అడిగి కొనే రకం నేను. ఫ్రిజ్ అయినా, ప్రెషర్ కుక్కర్ అయినా అదే పద్ధతి. దానివల్ల డబ్బు మిగిలిన సందర్భాలే ఎక్కువ. ఒక్క మా అమ్మాయి కంప్యూటర్ విషయంలో మాత్రం నష్టపోయాను. తోటి తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఆ సంగతి రాస్తున్నాను.

2022లో ఏడో తరగతి పరీక్షలు అయ్యాక, సెలవుల్లో మా అమ్మాయి బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. మా వీధి మలుపు తిరుగుతున్న ఒక పసుపు ఆటో, పది సెకన్ల యానిమేషన్. సెకనుకు 24 చొప్పున మొత్తం 240 బొమ్మలు. మా పాత లాప్‌టాప్ ఒక్కో బొమ్మకు ఆరు నిమిషాలు తీసుకునేది. అంటే అంతా అయ్యేసరికి 24 గంటలు. రాత్రి లాప్‌టాప్‌ను టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి పడుకునేది. తెల్లారి చూస్తే వేడెక్కి ఆగిపోయి ఉండేది.

"నాన్నా, డెస్క్‌టాప్ కొందామా?" అని అడిగింది. మే నెలాఖరులో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాం. షాపతను రైజెన్ 5 5600జి చూపించాడు. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది, విడిగా కార్డు అక్కర్లేదు. "పాప పనికి ఇది చాలు సార్" అన్నాడు. అది 2021 ఆగస్టులో వచ్చిన మోడల్ అని తెలిసి నాకు మనసొప్పలేదు. అప్పుడే ఏఎండీ కంపెనీ 7000 సిరీస్‌ను ఆ ఏడాదిలోనే తెస్తున్నట్టు ప్రకటించింది. "దసరాకి కొత్త జనరేషన్ వస్తుంది తల్లీ, అప్పుడు చూద్దాం" అన్నాను.

సెప్టెంబర్ 27న అది వచ్చింది. తీరా చూస్తే దానికి సాకెట్ మారింది కాబట్టి మదర్‌బోర్డు కొత్తది కావాలి, ర్యామ్ కూడా డీడీఆర్5 మాత్రమే. మూడూ కలిపితే మా బడ్జెట్ దాటిపోయింది. అక్టోబర్ 20న ఇంటెల్ 13వ జనరేషన్ వస్తోందంటే, దీపావళికి చూద్దాం అన్నాను. ముందుగా వచ్చినవన్నీ ఖరీదైన మోడళ్ళే. జనవరిలో రెండు కంపెనీలవీ తక్కువ ధర మోడళ్ళు వస్తాయని సంక్రాంతికి వాయిదా వేశాను. అవీ వచ్చాయి. ఏప్రిల్‌లో ఇంకో మోడల్ వస్తోందని, అది మాకు అక్కర్లేనిదే అయినా దానివల్ల మిగతావాటి ధర తగ్గుతుందేమోనని ఉగాది కూడా దాటించాను. ప్రతిసారీ నా లెక్క నాకు సబబుగానే కనిపించింది.

పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకు గుర్తొచ్చింది, అమ్మాయి ఆ ఊసెత్తి చాలా రోజులైందని. "నీ ఆటో ఎంతవరకు వచ్చిందమ్మా?" అని అడిగాను.

"తీసేశాను నాన్నా. స్కూల్ ప్రాజెక్టుకి లాప్‌టాప్‌లో చోటు చాలలేదు" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ ఆదివారమే వెళ్ళి కొన్నాం. కొన్నది అదే 5600జి. ధర తగ్గింది కాబట్టి కొన్ని వేలు మిగిలాయి. ఈలోపు ఏడో తరగతి పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేసింది.

ఆగడమే తప్పని నేను అనను. కొత్తది వచ్చే తేదీ ప్రకటించి, అది నెలలోపే ఉంటే ఆగండి, పాత స్టాక్ ధర తగ్గే అవకాశం ఉంటుంది. తేదీ లేని వార్తలను నమ్మి ఆగొద్దు. ప్రాసెసర్ ధర ఒక్కటే చూడకుండా మదర్‌బోర్డు, ర్యామ్ కలిపి మొత్తం బిల్లు వేయించండి. సాకెట్ మారిన మొదటి నెలల్లో బరువు అక్కడే పడుతుంది. కొన్నేళ్ళ తర్వాత ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకునే వారికి కొత్త సాకెట్ వల్ల లాభం ఉంది. 2017లో మొదటి రైజెన్‌లు వచ్చిన ఏఎం4 సాకెట్‌కే 5000 సిరీస్ దాకా వచ్చాయి. మాకు ఆ అవసరం లేదు. వీటన్నిటికంటే ముందు, పిల్లలు చేస్తున్న పనిని పక్కన కూర్చుని చూడండి. నేను పది నెలల పాటు ప్రాసెసర్ల స్పీడు చార్టులు చూశాను. ఆ ఆటోను మాత్రం ఒక్కసారే చూశాను.

"మళ్ళీ చేస్తావా?" అని అడిగితే "చూద్దాం నాన్నా" అంది. అది నా మాటే. రెండు వారాలు ఆ డెస్క్‌టాప్ హోంవర్క్‌కే వాడింది. మొన్నొక ఆదివారం పొద్దున చూస్తే స్క్రీన్ మీద మా మేడపైన ఉన్న నీళ్ళ ట్యాంకు. ఇంకా రంగులు వేయలేదు. నేనేమీ మాట్లాడకుండా స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.