హోరు మధ్య సంగీతం

కంటికి రెప్పను ప్రసాదించిన ప్రకృతి చెవికి ఏ మూతనూ అమర్చలేదు. మనిషి నిద్రించినా చెవి మేలుకొనే ఉంటుంది. సిల్తారాలో నివసించేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే రహదారి మీద, నగరానికి ఉత్తరాన ఉన్న పారిశ్రామిక ప్రాంతమిది. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి స్పాంజి ఐరన్‌గా మార్చే కిల్నులు, దానిని కరిగించే విద్యుత్ కొలుములు, ఎర్రగా కాగిన ఉక్కును కడ్డీలుగా సాగదీసే రోలింగ్ మిల్లులు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. భారీ ఫ్యానుల హోరు పగలూ రాత్రీ వినవస్తుంది. దాని మధ్య ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు పిడుగు వలె మ్రోగుతుంది.

విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం వెంబడి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఇటు వచ్చాయి. మాది అందులో ఒకటి. మా అన్నయ్య ఒక రోలింగ్ మిల్లులో 28 సంవత్సరాలు పనిచేసి విరమించారు. ఆయన కుమారుడు ఇప్పుడు మరొక మిల్లులో ఉద్యోగి. నేను ఒక కర్మాగారంలో లారీలను తూచే కాటా వద్ద గుమాస్తాను. ముగ్గురికీ సంగీతమంటే ప్రాణం. ఇంటిలో చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోనులు మూడు పోగయ్యాయి. వాటిలో ఏది ఉత్తమమన్న వివాదం కొంతకాలం సాగింది. తూనికలు నా వృత్తి గనుక, తీర్పు చెప్పే బాధ్యత నా మీద పడింది.

మొదటిది తెరిచిన రకం. దాని గిన్నెల వెనుక భాగాన జాలీ ఉంటుంది. గాలి, ధ్వని అటూ ఇటూ స్వేచ్ఛగా సంచరిస్తాయి. రెండవది మూసిన రకం; గిన్నె వెనుక గట్టి మూత ఉంటుంది. మూడవది కూడా మూసినదే కాని, బయటి శబ్దాన్ని విద్యుత్ సాయంతో అణచివేస్తుంది. వంటింటి తూనిక మీద పెడితే అవి వరుసగా 235, 290, 260 గ్రాములు తూగాయి. అయితే తలమీద బరువు ఒక్కటే అసౌఖ్యానికి కారణం కాదు. ఆ బరువు ఎక్కడ ఆనుతుంది, చెవుల చుట్టూ ఎంత గట్టిగా నొక్కుతుంది, మెత్తలకు చెమటను పీల్చే గుణం ఉన్నదా అనేవి ఇంకా ముఖ్యమైనవి.

ఈ మూడు రకాలకూ తమ తమ చరిత్రలు ఉన్నాయి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ అనే వ్యక్తి తన వంటింటిలో చేతితో తయారుచేసిన హెడ్‌ఫోనులను 1910లో అమెరికా నౌకాదళం కొనుగోలు చేసింది. అవి తంతి లేని వార్తలు వినడానికి ఉద్దేశించినవి. వినేవాని సుఖం అప్పటికి ప్రధానం కాదు. 1958లో మిల్వాకీ నగరవాసి జాన్ కాస్ స్టీరియో సంగీతం వినడానికి ప్రత్యేకంగా హెడ్‌ఫోనును రూపొందించి లోకానికి ప్రదర్శించాడు. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ తెరిచిన రకాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. పసుపుపచ్చని స్పాంజి మెత్తలతో ఉన్న ఆ తేలికైన సాధనం, చెవిని బంధించకుండా కూడా సంగీతం వినిపించవచ్చునని నిరూపించింది.

మూడవ రకానికి మూలమైన ఆలోచన చాలా పాతది. ఒక ధ్వని తరంగానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టిస్తే రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయన్న సూత్రం మీద జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ లూగ్ 1936లోనే అమెరికన్ పేటెంటు పొందాడు. దానిని హెడ్‌ఫోనులో సాధ్యం చేసిన వారిలో ముఖ్యుడు అమర్ బోస్. బెంగాల్ నుండి అమెరికా వలస వెళ్ళిన స్వాతంత్ర్యోద్యమకారుని కుమారుడాయన. 1978లో జ్యూరిచ్ నుండి విమానంలో తిరిగి వస్తూ, అక్కడ ఇచ్చిన హెడ్‌ఫోనులో ఇంజను హోరు తప్ప సంగీతం సరిగా వినపడక, అక్కడే కూర్చుని లెక్కలు ప్రారంభించాడు. విమాన చోదకుల కోసం ఆయన సంస్థ 1989లో హెడ్‌సెట్టును విడుదల చేసింది. సామాన్య శ్రోతలకు ఆ సౌకర్యం 2000లో అందింది.

ఇక మా ఇంటి పరీక్షకు వద్దాము. రెండు ధ్వనిముద్రణలు ఎంచుకున్నాము. ఒకటి ఘంటసాల గానం చేసిన భగవద్గీత. అందులో శ్లోకమూ ఉన్నది, తెలుగు వచన వ్యాఖ్యానమూ ఉన్నది గనుక మాటల స్పష్టతను పరీక్షించవచ్చు. రెండవది మృదంగంతో కూడిన ఒక వీణ కచేరి. వీణ మీటులోని పదును తారస్థాయిని, మృదంగం ఎడమ మూత మ్రోత మంద్రస్థాయిని తెలియజేస్తాయి.

శ్రావ్యత విషయంలో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, తెరిచిన రకానికి సాటి లేదు. వీణ ఎదురుగా ఉన్న వేదిక మీద మ్రోగినట్లు ఉంటుంది. ధ్వని తలలో పుట్టినట్లు తోచదు. చెవికి గాలి ఆడుతుంది. మూసిన రకంలో మృదంగం నిండుగా ఉన్నది కాని, ఆ నిండుదనం ఒక షరతు మీద ఆధారపడి ఉన్నది. మెత్త చెవి చుట్టూ సందు లేకుండా ఆనితేనే మంద్రస్వరాలు నిలుస్తాయి. కళ్ళజోడు కాడ వల్ల చిన్న సందు ఏర్పడితే చాలు, ఆ దారిన అవి జారిపోతాయి. నేను కళ్ళజోడు తీసి విన్నప్పుడు గంభీరంగా ఉన్న మృదంగం, పెట్టుకొని విన్నప్పుడు డబ్బా వలె వినిపించింది. సన్నని కాడలున్న జోడుతో ఆ తేడా చాలావరకు తగ్గింది.

సౌఖ్యాన్ని కొలవడానికి గడియారాన్ని ఆశ్రయించాను. ధరించినవాని చేయి అప్రయత్నంగా చెవివైపు ఎన్ని నిమిషాలకు లేస్తుందో గమనించాను. రాయపూర్ మే మాసపు ఎండల గురించి విననివారుండరు. కృత్రిమ తోలు మెత్తలున్న మూసిన రకం 25 నిమిషాలకే చెమట పట్టించింది. శబ్దాన్ని అణచే రకం 40 నిమిషాలు ఓపిక పట్టనిచ్చింది. గుడ్డ మెత్తల తెరిచిన రకం గంట దాటినా గుర్తుకు రాలేదు. ఇంతటితో ఆపి ఉంటే తీర్పు సులభమే.

కాని మేము వినేది సంగీతశాలలో కాదు, సిల్తారాలో. అందుచేత మరొక పరీక్ష పెట్టాను. ఫోనులో ధ్వనిని పెంచే మెట్లుంటాయి గదా. మరమ్మతుల కోసం పక్క మిల్లు ఆగిన ఒక ఆదివారం, వ్యాఖ్యానంలోని ప్రతి మాటా స్పష్టపడేవరకు సున్న నుండి ఒక్కొక్క మెట్టే పెంచి, ఆ అంకె వ్రాసుకున్నాము. మిల్లు నడుస్తున్న మరునాడు కిటికీ తెరిచి అదే చేశాము. మెట్టుకు ఇన్ని డెసిబెల్స్ అన్న నియమం లేదు. ఒక్కొక్క హెడ్‌ఫోను ఒకే మెట్టు వద్ద ఒక్కొక్క తీరున మ్రోగుతుంది. కనుక ఒకదాని అంకెను మరొకదానితో పోల్చరాదు; దేని అంకెను దానితోనే, నిశ్శబ్దానికీ హోరుకూ మధ్య పోల్చాలి. తెరిచిన రకానికి అదనంగా 5 మెట్లు కావలసివచ్చింది. మూసినదానికి 3 మెట్లు. శబ్దాన్ని అణచేదానికి ఒక్కటే.

ఈ అంకెలు చూసిన తరువాత వివాద స్వరూపమే మారిపోయింది. ప్రశ్న ఇక ఏది శ్రావ్యం అన్నది కాదు. ఏది తక్కువ ధ్వనితో తృప్తినిస్తుంది అన్నది. బిగువు ఎక్కువై మనం పక్కకు జరిపిన మెత్త, కళ్ళజోడు చేసిన సందు, చెమటకు పెచ్చులూడిన తోలు ఇవన్నీ బయటి హోరును లోనికి రానిస్తాయి. మంద్రాన్ని బయటికి పోనిస్తాయి. ఆ లోటు పూడ్చడానికి వేలు ధ్వనిని పెంచుతుంది. అనగా సౌఖ్యం, శ్రావ్యత అని మనం విడివిడిగా పోల్చే రెండు గుణాలు నిజానికి ఒక్కటే. అసౌఖ్యమైన హెడ్‌ఫోను చివరకు పెద్ద ధ్వనిగా పరిణమిస్తుంది.

పెద్ద ధ్వనికి చెల్లించే మూల్యమేమిటో మా ఇంటిలోనే కనిపిస్తుంది. అన్నయ్యకు మేము మాట్లాడుతున్నట్లు తెలుస్తుంది. ఏమి మాట్లాడుతున్నామో తెలియదు. "ఒరే తమ్ముడూ, గొంతు వినిపిస్తోందిరా, అక్షరం వినిపించడం లేదు" అంటారు. వైద్యులు తీసిన పరీక్షా పత్రంలో గీత 4000 హెర్ట్జ్ వద్ద లోయ వలె దిగింది. దీర్ఘకాలం హోరులో పనిచేసినవారిలో మొదట దెబ్బతినేది ఆ ప్రాంతమే. అచ్చుల బలం క్రింది స్థాయిలలో ఉంటుంది. స, శ, ష, త, క వంటి హల్లుల పదును పై స్థాయిలలో ఉంటుంది. హల్లులు పోయిన భాష తాళం చెవి లేని పెట్టె వంటిది. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే కణాలు ఒక్కొక్క వైపు సుమారు 15,000 మాత్రమే. మనిషిలో అవి నశిస్తే తిరిగి పుట్టవు. ఈ వినికిడి లోపాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో, విధిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధులలో ఒకటిగా చేర్చారు.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ధ్వనిశక్తి రెట్టింపవుతుంది గనుక వ్యవధి సగమవుతుంది: 88 వద్ద 4 గంటలు, 91 వద్ద 2 గంటలు, 94 వద్ద ఒక గంట. సంగీతం వినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. చెవి ఈ లెక్కలో మిల్లు హోరునూ రాగాలాపననూ వేరుగా చూడదు. రెండింటినీ ఒకే ఖాతాలో వేస్తుంది. ఇంకొక చిక్కు ఉన్నది. హోరులో పనిచేసి వచ్చిన కొద్ది గంటలు చెవి మందగించి ఉంటుంది. ఆ సమయంలో పాట పెట్టుకున్నవాడు మామూలుగా వినిపించడానికే ధ్వని పెంచుతాడు. అలసిన చెవి మీద మరింత బరువు పడుతుంది.

మా అన్నయ్య కుమారుడు ఒకనాడు శబ్దాన్ని అణచే హెడ్‌ఫోనును మిల్లుకు పట్టుకుపోవడానికి సిద్ధమయ్యాడు. "ఇయర్‌మఫ్ కంటే ఇదే మేలు బాబాయ్. హోరూ తగ్గుతుంది, పాటా వినిపిస్తుంది" అని వాడి వాదం. వినడానికి సబబుగానే ఉన్నది. నేను వాడిని కూర్చోబెట్టి కొలతలు చెప్పాను. 100 హెర్ట్జ్ హోరు తరంగం పొడవు సుమారు 3.4 మీటర్లు; దానికి ఎదురు తరంగాన్ని అమర్చడం సులభం. 4000 హెర్ట్జ్ చప్పుడు తరంగం పొడవు 8.5 సెంటీమీటర్లే, దానితో కాలు కలపడం యంత్రానికి కష్టం. కనుక ఆ సాధనం విమానపు గుంయ్‌కారాన్ని, ఫ్యాను హోరును చక్కగా మింగుతుంది. ఉక్కు కోసే రంపపు కేకను, హఠాత్తుగా పడిన కడ్డీ మ్రోతను అంతగా ఆపలేదు. ఇయర్‌మఫ్ ఎంత శబ్దాన్ని తగ్గిస్తుందో పరీక్షించి, ఆ అంకెను దాని మీద ముద్రిస్తారు. సంగీతం కోసం చేసిన సాధనానికి అటువంటి హామీ లేదు. పైగా పాటలో మునిగినవానికి క్రేను హెచ్చరిక వినపడకపోతే పోయేది చెవి ఒక్కటే కాదు.

వాడు కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే నాన్న కూడా ఇయర్‌మఫ్ పెట్టుకునేవారా?" అని అడిగాడు. అన్నయ్య ఆ ప్రశ్నను పెదవుల కదలికను బట్టి గ్రహించారు. "ఆ రోజుల్లో దూది పెట్టుకునేవాళ్ళంరా" అని మాత్రం అన్నారు.

నా తీర్పు ఇది. నిశ్శబ్దమైన ఇల్లు కలవారికి తెరిచిన రకమే ఉత్తమం. సంగీతమూ సహజం, చెవీ సుఖం. హోరు మధ్య ఉండేవారికి, ప్రయాణాలు చేసేవారికి శబ్దాన్ని అణచే రకం ఖరీదుకు తగినది, దానివల్ల కలిగిన నెమ్మదిని ధ్వని తగ్గించుకోవడానికి వినియోగించుకున్నప్పుడు. కొనే ముందు దుకాణంలో ఒక్క పాట విని రాకండి. మీ కళ్ళజోడుతోనే, కనీసం 20 నిమిషాలు ధరించి చూడండి. వీధివైపు తలుపు దగ్గర నిలబడి, మాట స్పష్టం కావడానికి ఎన్ని మెట్లు పెంచవలసివచ్చిందో లెక్కించండి. మెత్తలు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. మెత్త పాడైన నాడు మంచి సాధనమూ పాడైనట్లే.

తెరిచిన హెడ్‌ఫోనును మేము అన్నయ్యకు ఇచ్చాము. మూసిన మెత్త ఆనినప్పుడు ఆయన వినికిడి యంత్రం ఈల వేసేది; ఇందులో ఆ బాధ లేదు. లోపలి గదిలో తలుపు వేసుకుని వింటారు. మాటలు అందని చోట జ్ఞాపకం అందిస్తుంది. అబ్బాయి పనినుండి రాగానే పాట పెట్టడం మానుకున్నాడు. స్నానం, భోజనం ముగించి, తండ్రితో కొంతసేపు మాట్లాడి, ఆ తరువాత వింటాడు. వాడి ఫోనులో ధ్వని ఇప్పుడు 5వ మెట్టు దాటడం లేదు. పక్కన కూర్చున్న నాకు ఒక్క స్వరమైనా వినిపించడం లేదు.