క్లిక్‌మనే దాకా

పేట్ బషీరాబాద్‌లో మేడ్చల్ రోడ్డెక్కే ముందు మా పికప్‌లో బెల్టు పెట్టుకుంటే, బకిల్ పట్టినట్టే పట్టి వదిలేసేది. పోలీసులు కనబడితే బెల్టు నాలుకను చేత్తో అదిమిపట్టి పోయేవాణ్ణి. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం బెల్టు లేకుంటే జరిమానా 1,000 రూపాయలు. భయమంతా దానికే, ప్రాణానికి కాదు!

మొన్న ఆదివారం బ్యాటరీ వైరు తీసి, సీటు జరిపి, స్పానర్ వేశాను. తుప్పు పట్టిన బోల్టు కదల్లేదు. కాస్త డీజిల్ పోసి, చాయ్ తాగొచ్చాక వచ్చింది. పాత బకిల్ నోట్లో సిమెంటు దుమ్ము, చింతగింజ పెంకు. కడిగితే చాలేమో అనుకున్నా గానీ, లోపలి స్ప్రింగే చచ్చింది. కొత్తది బిగించాను. స్వీడన్‌లో నీల్స్ బోలిన్ 1959లో వోల్వోకు చేసిచ్చిన మూడు చోట్ల పట్టే బెల్టు ఇదే. అందులో ఒక చోటు నా చేతి బిగింపు! నాలుగుసార్లు గుంజి చూశాను. క్లిక్.

"ఎన్నిసార్లు పెట్టుకుంటవు, బండి కదిలిందా?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.