వీరుడికి గ్రీకు మాట

నలభై దాటిన తెలుగు లెక్చరరుకు గ్రీకు చదువెందుకని మా ఇంట్లో అడిగారు. ఆ భాషతో హుజూర్‌నగర్ బజారులో వంకాయలు బేరమాడగలమా అని శ్రీమతి సందేహం. బేరానికి పనికిరాదు గాని, మన మాటల చుట్టరికాలు తెలుసుకోవటానికి బాగా పనికివస్తుంది. అరబ్బీ ‘హుజూర్’ను ఊరి పేరులో పెట్టుకున్నవాళ్లం, గ్రీకును గుమ్మంలోనే ఆపటం న్యాయమా?

మొదట యుద్ధం చేసేవాడి మాట పట్టుకున్నాను. ‘మఖే’ అంటే పోరు, పోరేవాడు ‘మఖేతేస్’. ‘పొలెమోస్’ అంటే యుద్ధం. అది చేసేవాడు ‘పొలెమిస్తేస్’. ‘హొప్లా’ అంటే ఆయుధాలు. వాటిని ధరించిన కాల్బంటు ‘హొప్లీతేస్’. మనకూ కరువు లేదు: వీరుడు, బంటు, భటుడు, యోధుడు. ఆ యోధుడే ప్రాకృతం మీదుగా వచ్చి జోదు అయ్యాడు.

అసలు వింత ధైర్యం దగ్గర ఉంది. గ్రీకులో ధైర్యం ‘అండ్రేయా’. మగవాడు అనే అర్థమున్న ‘అనేర్’ నుంచి పుట్టింది. ఈ అనేర్ మన నరుడికి తోబుట్టువు. లాటిన్‌లో మగవాడు ‘విర్’, మన వీరుడికి చుట్టం. అతని గుణం ‘విర్తూస్’. సంస్కృతంలో పురుషుడి నుంచి పౌరుషం, తెలుగులో మగవాడి నుంచి మగటిమి. నాలుగు భాషలూ కూడబలుక్కున్నట్టే లేదూ!

ఇది తరగతిలో చెప్పగానే ఒక కుర్రవాడు, “అండ్రోస్ అంటే మన ఆంధ్రేనా సార్?” అన్నాడు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదని చెప్పాను. అంతలో వెనుక బెంచీ అమ్మాయి లేచింది. “మరి ఆడది పోరాడితే ఏమంటారు సార్? నేను పోలీసు సెలక్షనుకు పోతానంటే మా నానమ్మ మగరాయుడంటోంది.”

తరగతి నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

గ్రీకులను అడిగితే లాభం లేదు. అమెజాన్ స్త్రీలను హోమర్ మగవారికి సాటివారన్నాడు. ఆ మాటలోనూ అనేరే ఉన్నాడు. మన ‘వీరనారి’లో నారి నరుడి నుంచి వచ్చిందే. రుద్రమదేవిని శాసనాలు రుద్రదేవ మహారాజన్నాయి. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం దొరికింది మన నల్లగొండ జిల్లా చందుపట్లలోనే.

అప్పుడు మల్లు స్వరాజ్యం గుర్తుకొచ్చారు. సూర్యాపేట ప్రాంతపు బిడ్డ, 1946-51 నాటి సాయుధ పోరాటంలో తుపాకి పట్టి దళాన్ని నడిపారు, 2022లో కన్నుమూశారు. అజ్ఞాతంలో ఆమె పేరు రాజక్క. రాజు ముందున్నా, జనం నోట నిలిచింది అక్కే. అక్క మాటను ఎంత తవ్వినా అందులో మగవాడు కనపడడు.

“ఖాకీ వేసుకొని ఊళ్లోకి రామ్మా,” అన్నాను. “ఆపదలో ఉన్నవాళ్లు నిన్ను మగరాయుడా అని పిలవరు. అక్కా అనే పిలుస్తారు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం కూర్చుంటూ, “ఈ మాట మా నానమ్మకు మీరే చెప్పాలి సార్,” అంది.