లండను నేల కింద

లండను నగరంలో నేల కింద రైళ్లు నడవటం 1863లోనే ఆరంభమయింది. ఆనాటి స్టేషన్లలో ఒకటైన బేకర్ స్ట్రీట్ నేటికీ వాడుకలో ఉన్నది. మొదట సొరంగంలో నడిచినవి ఆవిరి ఇంజన్లే. ఆ పొగ ఎట్లా ఉండేదో ఊహించుకోండి!

ఇక్కడి నుంచి పోయే బేకర్‌లూ లైనులో, సిగ్నలు దగ్గర పట్టాల పక్కన చిన్న ఇనుప చెయ్యి ఉంటుంది. ఎర్రదీపం వెలిగితే అది పైకి లేస్తుంది. ఆకుపచ్చ వెలిగితే వాలిపోతుంది. డ్రైవరు ఎర్రదీపం దాటి ముందుకు పోయాడనుకోండి. రైలు కింద ఉండే మీట ఆ చేతికి తగులుతుంది. వెంటనే బ్రేకులు వాటంతట అవే పడతాయి. పాత రైళ్లలోనైతే గొట్టంలోని గాలి బుస్సుమని బయటికి పోయేది. గాలి పోతే బ్రేకు పడటమేమిటంటారా? బ్రేకులు పడకుండా ఆపి ఉంచేది ఆ గాలే! గొట్టం పగిలినా సరే, రైలు ఆగవలసిందే.

రెండో స్టేషను ఆక్స్‌ఫర్డ్ సర్కస్. అక్కడ విక్టోరియా లైనుకు మారాలి. 1968లో ఈ లైను మొదలయినప్పుడు పట్టాల గుండా విద్యుత్ సంకేతాలు పంపారు. ఒక రకం సంకేతం అందితే పూర్తి వేగం, మరొక రకం అందితే తక్కువ వేగం. ఏదీ అందకపోతే రైలు ఆగిపోతుంది. ఇనుప చెయ్యి ఒక్కచోటే కాపలా కాస్తుంది. ఇది దారి పొడుగునా కాస్తుంది. దశాబ్దాల తరవాత ఆ యంత్రాలనూ మార్చి ఇంకా కొత్తవి పెట్టారు.

మరి అన్ని లైన్లలోనూ అప్పుడే ఎందుకు పెట్టలేదు? పట్టాల వెంటా, ప్రతి రైలులోనూ యంత్రాలు మార్చాలి. వేలాది జనం రోజూ ఎక్కే లైనును మూసెయ్యటం ఎట్లా? రాత్రి రైళ్లు ఆగిన కాసిని గంటలలోనే పని సాగాలి. విక్టోరియా కొత్తగా వేసిన లైను గనక ఆ చిక్కు లేకపోయింది. 2017లో మొదలయిన మన హైదరాబాదు మెట్రోకూ అంతే. అక్కడ రేడియో సాయంతో రైళ్లను కాపాడే పద్ధతిని ఎంచుకున్నారు.

హైబరీలో దిగి మరొక రైలెక్కితే, దారి మూర్‌గేట్‌లో ముగుస్తుంది. ఎదురుగా గోడ. 1975 ఫిబ్రవరి 28 ఉదయం ఒక రైలు వేగం తగ్గించకుండా వచ్చి ఆ గోడను ఢీకొన్నది. డ్రైవరుతో సహా 43 మంది చనిపోయారు. అతను బ్రేకు ఎందుకు వెయ్యలేదో విచారణలో కూడా తేలలేదు. ఎర్రదీపం దాటారా అని చూసే చెయ్యి, రైలు ఎంత వేగంగా వస్తున్నదో చూడదు గదా!

ఆ తరవాత ఇంజనీర్లు ఇనుప చేతిని పారెయ్యలేదు. దానికే కొత్త విద్య నేర్పారు. దారి ముగిసే స్టేషన్లలో, రైలు నెమ్మదిగా వస్తేనే ఆ చెయ్యి సమయానికి వాలుతుంది. తొందరపడి వచ్చే రైలుకు అది ఇంకా లేచే ఉంటుంది.