బల్బులో కరెంటు ఎంత?



సెలవులకు ఇంటికి పోతే మా పెదనాన్న ఆరిపోయిన ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి నా ముందు పెడతాడు. "సైన్సు చదువుతున్నావు గదరా, విప్పి చూడు" అంటాడు. మీలో చాలామందికి ఇది మామూలే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బల్బు మీద 9 వాట్లు అని ఉంటుంది. 9ని 230 వోల్టులతో భాగిస్తే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. నిజానికి ఇంకొంచెం ఎక్కువే తీసుకుంటుంది. "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. కానీ షాకు నుంచి కాపాడడానికి ఇళ్ళలో పెట్టే స్విచ్ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తీసేస్తుంది. అంటే మనకు వెలుగునిచ్చే ఆ కొంచెం కరెంటే మనిషి ప్రాణం తియ్యగలదు.

బల్బు లోపల డ్రైవర్ అనే సర్క్యూట్ ఉంటుంది. అందులో డయోడ్లు ఏసీని డీసీగా మారుస్తాయి. అప్పుడు వోల్టేజి 325 దాకా పోతుంది. అది కెపాసిటర్‌లో నిలవ ఉంటుంది. స్విచ్ ఆపినా వెంటనే పోకపోవచ్చు.

మరి కరెంటు కొలిచేదెట్లా? చాలా డ్రైవర్లలో ఒక చిన్న రెసిస్టరు ఉంటుంది. పని తెలిసినవాళ్ళు దాని మీద వోల్టేజి చూసి ఓమ్ సూత్రం వేస్తారు. 15 ఓముల మీద 0.6 వోల్టు ఉంటే 0.6 ÷ 15 = 0.04 ఆంపియరు, అంటే 40 మిల్లీ ఆంపియర్లు.

0.6 వోల్టే గదా, భయమెందుకు అనుకోవద్దు. అది రెండు కొనల మధ్య తేడా మాత్రమే. చౌక బల్బుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కాబట్టి ఆ రెండు కొనలూ నేలకంటే వందల వోల్టుల తేడాలో ఉండొచ్చు. కొండ మీద రెండు మెట్ల మధ్య ఎత్తు జానెడే. అక్కడినుంచి లోయలో పడితే జానెడు కాదు గదా!

ఇంకో మాట. మీటరును ఆంపియర్ల మీద పెట్టి సప్లయి రెండు తీగలకు ఆనించకూడదు. అది షార్ట్ సర్క్యూటే.

కొలత నేర్చుకోవాలంటే 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓముల రెసిస్టరు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ చాలు. మూడూ వరసగా కలపండి. ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగతా 7 రెసిస్టరు మీద కనపడతాయి. 7 ÷ 470 చేస్తే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. సూత్రం అదే, లెక్క అదే, ప్రాణభయం మాత్రం లేదు. సైన్సు సారును అడిగి ల్యాబులో చేసి చూడండి. 230 వోల్టుల జోలికి మాత్రం పోకండి!