చిట్టీ డబ్బుకి అందే డ్రిల్లింగ్ మిషన్

ఈసారి కిస్సాలు లేవు, బహసులు లేవు. ఒక మిషన్ గురించి రాస్తున్నాను. మేజా మీద పట్టేంత మిషన్. అది చేసే పని ఒక్కటే: సర్క్యూట్ బోర్డుకి, కంప్యూటర్ చెప్పిన చోట, సన్నటి హోళ్ళు వేయడం.

మసీదు ఆంప్లిఫయర్ మూత విప్పితే లోపల కనిపించే పలకే సర్క్యూట్ బోర్డు. దాని మీద కూర్చునే రెసిస్టర్లకి, కెపాసిటర్లకి కాళ్ళు ఉంటాయి. ఆ కాళ్ళు దూరడానికి హోళ్ళు కావాలి. ఎక్కువగా 0.8 మిల్లీమీటర్లు, లేదా 1 మిల్లీమీటరు. పెద్ద ఫ్యాక్టరీల్లో దీనికి లక్షల ఖరీదు చేసే మిషన్లుంటాయి. స్టెబిలైజర్లు, ఎమర్జెన్సీ లైట్లు చేసుకునే చిన్న వర్క్‌షాపుల వాళ్ళు మాత్రం ఆ పని ఇళ్ళకిస్తారు. కర్నూల్లో మా ఆపా ఇంటికి అలాగే వస్తుంది, సంచీలో, కిలోల లెక్కన.

దుల్హాభాయి ఇంతెఖాల్ అయినప్పటి నుంచి ఆపా రోజీ అదే. చిన్న డ్రిల్ స్టాండు, కుడి చేత్తో పిడి కిందకి లాగడం, ఎడమ చేత్తో బోర్డు జరపడం. ఒక బోర్డుకి 120 హోళ్ళు. రోజుకి 20 బోర్డులు. అంటే 2400 సార్లు పిడి లాగాలి, 2400 సార్లు కన్ను చిట్లించాలి. వంద హోళ్ళకి 4 రూపాయలు. హిసాబ్ మీరే వేసుకోండి. అసర్ నమాజుకి లేచేసరికి మణికట్టు వాచిపోయి, వజూ చేసేటప్పుడు లోటా ఎత్తలేకపోయేది.

ఇది చాలదన్నట్టు, సేఠ్ మిషన్ కొనే మాట మొదలుపెట్టాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన కారోబార్ ఆయనది. కానీ మిషన్ సేఠ్ షెడ్డులోకి వస్తే ఆపా రోజీ పోతుంది. అదే మిషన్ ఆపా వసారాలో ఉంటే రోజీ నిలుస్తుంది. మోటారు అదే, ఇనుము అదే, ఎవరి దగ్గర ఉందన్నదే ఫరఖ్. అందుకే “సస్తా” అన్న మాట నాకు ఇక్కడ మామూలు మాట కాదు.

ఎంత సస్తా? ఆ లెక్క నేను వేయలేదు, మొహల్లా ఆడవాళ్ళ చిట్టీ వేసింది. పది మంది, నెలకి వెయ్యి, పర్చీ ఎవరి పేరున వస్తే వాళ్ళకి 10,000. వడ్డీ లేదు, వేలం లేదు. సూద్ మీద అప్పు తేవడానికి ఆపా ససేమిరా ఒప్పుకోదు. “పది వేలలో అవుతుందా రా? అవ్వకపోతే ఇప్పుడే చెప్పు, ఆ డబ్బు బేటీ ఫీజుకి పెడతా,” అంది. ఇంజనీర్లు మిషన్ గీసి తర్వాత ధర చెబుతారు. నాకు ధర ముందే గీసి ఉంది, మిషన్ దాంట్లో ఇమడాలి.

రెడీమేడ్ మిషన్లు ముందు చూశాను. 3018 పేరుతో చైనా కిట్లు దొరుకుతాయి. 30 సెంటీమీటర్లు, 18 సెంటీమీటర్ల బల్ల కాబట్టి ఆ పేరు. మంచివే, కానీ అవి చెక్కడానికి పుట్టినవి, చిట్టీ డబ్బుకి అందలేదు. పాత సీడీ డ్రైవ్ మోటార్లతో చేసే బుల్లి మిషన్ల వీడియోలు మా భాంజీ చూపించింది. వాటి కదలిక నాలుగు సెంటీమీటర్లు దాటదు. ఆపా బోర్డులో పావు వంతు. పిల్లల ప్రదర్శనకి బాగుంటాయి, పెట్టు రోజీకి కాదు.

ఇక్కడ మొత్తం ఖర్చుని సగం చేసిన ఆలోచన ఒకటుంది. చెక్కే పనికి, పొడిచే పనికి జమీన్ ఆస్మాన్ తేడా. రాగిని చెక్కాలంటే బిట్టు పక్కకి నెడుతూ పోవాలి. ఫ్రేము వణికితే పని పాడవుతుంది, అందుకే దానికి బరువైన అల్యూమినియం కావాలి. హోలు వేయడంలో పక్క తోపు లేదు, బలమంతా నిట్టనిలువుగా కిందకే. మన మిషన్ పొడవడం తప్ప ఇంకేమీ చేయదని ఒట్టు పెట్టుకుంటే, ఫ్రేముకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. వడ్రంగి దగ్గర మిగులు ముక్కలు తెచ్చి, వానాకాలం ఉబ్బకుండా రెండు పూతలు వార్నిష్ కొట్టాం. నిలువు కమాను కదలదు. బోర్డు ఉన్న బల్ల ముందుకీ వెనక్కీ పోతుంది, డ్రిల్లు కమాను మీద పక్కలకి, పైకీ కిందకీ పోతుంది. పని జాగా 200 మిల్లీమీటర్లు, 150 మిల్లీమీటర్లు.

కదిలించేవి మూడు నీమా 17 స్టెప్పర్ మోటార్లు. మామూలు మోటారు కరెంటు ఇస్తే తిరుగుతూనే ఉంటుంది. ఇది చెప్పినన్ని అడుగులు వేసి ఆగుతుంది, ఒక చుట్టుకి 200 అడుగులు. డ్రైవర్ ఒక్కో అడుగునీ 16 ముక్కలు చేస్తుంది, అంటే చుట్టుకి 3200. స్క్రూ ఒక చుట్టు తిరిగితే బల్ల 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. 3200ని 8తో భాగిస్తే మిల్లీమీటరుకి 400 అడుగులు. కాగితం మీద ఇది చాలా షాన్‌దార్ లెక్క. నిజంలో స్క్రూకీ నట్టుకీ మధ్య కాస్త వదులుంటుంది, దిశ మారినప్పుడల్లా ఆ వదులంత తేడా వస్తుంది. దాన్ని చంపడానికి స్ప్రింగు నట్లు అమ్ముతారు. మేం కొనలేదు. ఏ హోలుకైనా ఎప్పుడూ ఎడమ నుంచి, ముందు నుంచే వచ్చి ఆగమని ప్రోగ్రాములో రాశాం. ఒకే వైపు నుంచి వస్తే వదులు అన్నిసార్లూ ఒకేలా ఉంటుంది, అందుకని కనబడదు. పైసా ఖర్చు లేదు. ఐసీ కాళ్ళ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, చుట్టూ రాగి పూత 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా హోలు రాగి మధ్యలోనే పడుతుంది.

డ్రిల్లు తిప్పడానికి 775 మోటారు, దాని కొసకి ఈఆర్ 11 కోలెట్. నాది మోటర్ వైండింగ్ పని కాబట్టి దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను. 775 అని అడిగితే దుకాణదారు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. రెండు వైపులా బాల్ బేరింగ్ ఉన్నదే తీసుకోండి. బుష్ ఉన్నది ఆడుతుంది, బిట్టు కొస వంకరగా తిరుగుతుంది. లేత్ షెడ్డు నుంచి డయల్ గేజ్ అడిగి తెచ్చి చూసుకున్నాం. ఇంకో సంగతి, బ్రష్ మోటారు నిప్పురవ్వలు వేస్తుంది. ఆ గోలకి పక్కనున్న ఆర్డుయినో అదిరిపోయి, లిమిట్ స్విచ్ నొక్కకపోయినా నొక్కారనుకుని ఆగిపోతుంది. మోటారు కాళ్ళ మధ్య, ఒక్కో కాలి నుంచి బాడీకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేసి, స్విచ్ తీగల్ని మెలిపెట్టి దూరంగా లాగాం. ఖర్చు ఇరవై రూపాయలు.

బిట్ల సంగతి అసలు సంగతి. బోర్డులో ఉండేది గాజు నార. మామూలు స్టీలు బిట్టు గాజు మీద తొందరగా మొద్దుబారుతుంది, హోలు చుట్టూ రాగి లేస్తుంది. కార్బైడ్ బిట్టు వేల హోళ్ళు తట్టుకుంటుంది, కానీ పెళుసు. చెయ్యి వెంట్రుక వాసి పక్కకి పోయినా పుటుక్కుమంటుంది. అందుకే చేత్తో చేసే ఆడవాళ్ళకి కార్బైడ్ అందని ద్రాక్షే. మిషన్ నిలువుగా దిగి, పూర్తిగా పైకొచ్చాకే పక్కకి కదులుతుంది కాబట్టి ఇప్పుడు ఆపా కార్బైడే వాడుతోంది. కింద ఎం‌డీఎఫ్ పలక పెట్టి, 1.6 మిల్లీమీటర్ల బోర్డులు రెండు పేర్చి ఒకేసారి వేస్తుంది.

సామాన్లకి హైదరాబాదు వెళ్ళాం. కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్, సికిందరాబాద్ రాణీగంజ్‌లో రాడ్లు, బేరింగులు. మోటార్లు మూడూ 2100. ఆర్డుయినో, దాని మీద షీల్డు, డ్రైవర్లు 900. స్క్రూలు 1200. 8 మిల్లీమీటర్ల రాడ్లు, బేరింగులు 1800. డ్రిల్లు మోటారు, కోలెట్ 950. 24 వోల్టుల సప్లయి 850. చెక్క, స్విచ్‌లు, తీగలు, బోల్టులు అన్నీ కలిపి 1200. మొత్తం 9000. మిగిలిన వెయ్యిలో బిట్లు, దుమ్ము లాగడానికి సెకండ్ హ్యాండ్ వాక్యూమ్. నా మెహనత్ లెక్కలో లేదు, భాంజీది కూడా. భాంజీ అడిగింది, “మామూ, మన లేబర్ ఎంత వేశారు?” అని. బిర్యానీ అన్నాను. నోట్ చేసుకుంది.

దిమాగ్ భాగం అంతా ఆ పిల్లదే. పాలిటెక్నిక్‌లో చదువుతోంది. ఆర్డుయినోలో జీఆర్‌బీఎల్ అనే ముఫ్త్ ప్రోగ్రాం వేసింది. 2009లో మొదలైన ప్రోగ్రాం, ఎవరైనా వాడుకోవచ్చు. బోర్డు డిజైన్‌తో పాటు డ్రిల్ ఫైలు ఒకటి వస్తుంది. తెరిచి చూస్తే మామూలు అక్షరాలే, ఏ సైజు బిట్టు, ఎక్కడెక్కడ హోలు. జీఆర్‌బీఎల్‌కి డ్రిల్లింగ్ కోసం ఒకే మాటలో చెప్పే హుకుం లేదు. అందుకని పిల్ల ఒక్కో హోలునీ మూడు వరుసలుగా విడదీసి రాసే చిన్న ప్రోగ్రాం చేసింది: అక్కడికి పో, మెల్లగా దిగు, పైకి రా.

అసలు చిక్కు బోర్డుని బల్ల మీద పెట్టడంలో వచ్చింది. రాగి గీతలు ముందే ఉంటాయి, హోళ్ళు వాటి మధ్యలోనే పడాలి. బోర్డుల అంచులు ఒక్కోటి ఒక్కోలా కోసి వస్తాయి. కాస్త వంకరగా పెడితే ఇటు మూల సరిపోయి అటు మూల తప్పుతుంది. ఆపా చేతికి కొలతల పని పెట్టడం నాకిష్టం లేదు. కాబట్టి ఇలా చేశాం. బోర్డు ఎలాగైనా బిగించు. బటన్లతో డ్రిల్లు కొసని ఒక మూల హోలు మీదకి తీసుకెళ్ళి “హా” అను, ఎదుటి మూల మీదకి తీసుకెళ్ళి ఇంకోసారి “హా” అను. ఆ రెండిటి నుంచి బోర్డు ఎంత తిరిగి ఉందో ప్రోగ్రాం లెక్క కట్టి, మిగిలిన 118 చోట్లనీ అంతే తిప్పేస్తుంది. పదో తరగతి సైన్, కాసైన్ లెక్కే. పరీక్ష రాసినప్పుడు దేనికి పనికొస్తుందని తిట్టుకున్న లెక్క, అమ్మీ రోజీకి పనికొచ్చిందని భాంజీ నవ్వింది.

కరెంటు పోతుంది, మన ఊళ్ళు కదా. మధ్యలో పోతే మిషన్ తానెక్కడుందో మర్చిపోతుంది. లిమిట్ స్విచ్‌లు ఉన్నది అందుకే. కరెంటు రాగానే మూలకి వెళ్ళి తట్టుకుని సున్నా గుర్తు చేసుకుంటుంది, ఏ నంబరు హోలు నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది.

మన వాళ్ళు మిషన్ మాటెత్తగానే అల్ జజరీని తలుచుకుని సీనా విరుచుకుంటారు. నాకు ఆయన మీద ఇజ్జత్ వేరే కారణానికి. 1206లో ముగించిన కితాబులో ఆయన బొమ్మలు గీసి ఊరుకోలేదు, ఎలా చేయాలో రాశాడు, ఇంకో కారీగర్ చేసుకోగలిగేలా. ఆయన పేరు ఇంటి గోడకి వేలాడదీసుకునే వాళ్ళు ఒక్క స్క్రూ కొలతైనా పక్కింటి పిల్లాడికి నేర్పితే బాగుండు.

దుమ్ము గురించి చెప్పకపోతే గునాహ్. గాజు నార దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. దుపట్టా అడ్డం కట్టుకుంటే ఆగదు. అన్నేళ్ళూ ఆపా అదే కట్టుకుంది. ఇప్పుడు డ్రిల్లు చుట్టూ అక్రిలిక్ డబ్బా, దానికి వాక్యూమ్ గొట్టం. డబ్బా తీసేటప్పుడు ఎన్ 95 మాస్కు. తడి గుడ్డతో తుడవాలి, చీపురు తగలకూడదు. పిల్లల్ని ఆ వసారాలోకి రానివ్వం.

ఇప్పుడు ఒక హోలుకి దాదాపు 3 సెకన్లు. రెండు బోర్డుల జత 6 నిమిషాలు. మూడు గంటలు కూర్చుంటే, పెట్టడం తీయడం అంతా పోను, 40 బోర్డులు. మిషన్ నడుస్తున్నంతసేపూ ఆపా పక్కనే కూర్చుని చీరలకి ఫాల్ కుడుతుంది. వదిలేసి వంటింట్లోకి వెళ్ళొద్దని మాట తీసుకున్నాను. ఇషా తర్వాత నడపదు, పక్కింట్లో జయీఫ్ మనిషి ఉన్నారు.

సేఠ్ ఒకరోజు బోర్డుని వెలుతురుకెత్తి చూసి, ఇది చేతి పని కాదు కదా అన్నాడు. మిషన్ చేస్తోంది కాబట్టి వందకి 3 రూపాయలే ఇస్తానన్నాడు. నేను నోరు తెరవబోతే ఆపా ఆపింది. లోపల్నుంచి భాంజీ రాసిన కాపీ తెచ్చింది. ఏ బిట్టు ఎన్ని హోళ్ళకి మొద్దుబారింది, ఎన్ని బోర్డులు రాగి లేవకుండా వెళ్ళాయి, చేతి పని రోజుల్లో ఎన్ని తిరిగొచ్చాయి, అన్నీ తారీఖులతో. “సేఠ్, బిట్లు నావి, కరెంటు నాది, తిరిగొచ్చేవి లేవు. మూడుకి ఎలా అవుతుంది?” సేఠ్ కాపీ రెండు పేజీలు తిప్పాడు. 4 రూపాయలకే ఆగింది. పోతూ పోతూ మిషన్ అమ్ముతారా, 15,000 ఇస్తానన్నాడు.

ఆపా అమ్మలేదు. కానీ ఆ మాట మొహల్లా అంతా తిరిగింది. అదే పని చేసే ఎదురింటి ఖాలా పర్చీ వచ్చే నెల తీస్తారు. నేను ప్లైవుడ్ చెప్పి ఉంచాను. ఖాలాకి కంప్యూటర్ అక్షరాలు రావు. భాంజీ ఇప్పుడు బటన్ల మీద రంగులు, తెర మీద ఉర్దూ పెట్టే పనిలో ఉంది. ఈసారి బిర్యానీ కుదరదు, రోజుకి ఇంత అని లేబర్ రాసుకుంటానంటోంది.